ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ పేరుతో డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి మేం 1,85,000 రూపాయలు కట్టాం. మా చెల్లి బీటెక్ మూడో సంవత్సరం. జర్మనీలోని ఒక యూనివర్సిటీకి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా ఒక సెమిస్టర్ పంపిస్తామని, అక్కడ చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు ఇక్కడి కాలేజీలో కలుస్తాయని చెప్పారు. ఆ సీటు అసలు లేనే లేదని విమానం టికెట్లు కొనే ముందు తెలిసింది. కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. కానీ ఆ రోజు సెమినార్ హాల్లో మాతోపాటు నలభై మంది దాకా తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఎంతమంది కట్టారో తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కట్టిన డబ్బు నాన్నది. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లోంచి తీసి ఇచ్చారు. చెల్లికి వేరే దేశంలో పిల్లలు ఎలా చదువుతారో, ఎలా బతుకుతారో చూడాలని ఇంటర్ నుంచీ ఆశ. కాలేజీ గేటు దగ్గర ఎవరో 'ఇంటర్నేషనల్ ఎక్స్ఛేంజ్ అండ్ ఇంటర్‌కల్చరల్ ప్రోగ్రామ్' అని పాంప్లెట్ ఇస్తే దాన్ని మడతపెట్టి పుస్తకంలో దాచుకుని తెచ్చింది. వద్దనడానికి నాకూ మనసు రాలేదు.

సెమినార్‌లో బల్ల మీద చిన్న చిన్న దేశాల జెండాలు, గోడ మీద తెల్లవాళ్లతో చేతులు కలుపుతున్న ఫోటోలు. కౌన్సెలర్ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "అంకుల్, అక్కడ ట్యూషన్ ఫీజు ఒక్క రూపాయి ఉండదు. మా ప్రాసెసింగ్ ఒక్కటే" అన్నాడు. మేం పడిపోయింది ఈ మాట దగ్గరే, ఎందుకంటే అందులో మొదటి సగం నిజం. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. అసలైన ఎక్స్ఛేంజ్ అయితే ఏ దేశంలోనైనా మామూలుగా అవతలి యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు అడగదు. మన పిల్లలు మన కాలేజీకి కట్టే ఫీజు కట్టుకుంటూ ఉంటారు, వాళ్ల పిల్లలు వాళ్ల కాలేజీకి కట్టుకుంటారు, సీటు మాత్రం ఇచ్చిపుచ్చుకుంటారు. ఉచితంగా దొరికేదాన్ని చూపించి మా దగ్గర లక్షా ఎనభై ఐదు వేలు తీసుకున్నారన్నమాట.

సీటు బ్లాక్ చేయడానికని ముందు 25,000. రెండు వారాల తర్వాత మిగతా 1,60,000. రసీదు మీద 'సర్వీస్ ఛార్జీలు' అని మాత్రమే ఉంది, యూనివర్సిటీ పేరు గానీ ప్రోగ్రామ్ పేరు గానీ లేదు. అడిగాను. "జీఎస్టీ కోసం అలాగే రాస్తాం మేడమ్" అన్నారు. ఆఫీసుకు టైమవుతోందని సరే అని వచ్చేశాను. ఆ రోజు ఇంకో ఐదు నిమిషాలు నిలబడి గట్టిగా అడిగి ఉండాల్సింది.

తర్వాత మూడు ఆదివారాలు 'ఇంటర్‌కల్చరల్ ట్రైనింగ్' అని పిలిచారు. వెనక గదిలో ప్రొజెక్టర్ పెట్టి ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి, రైల్లో గట్టిగా మాట్లాడకూడదు, ఎవరైనా కనిపిస్తే గూటెన్ టాగ్ అనాలి అని చెప్పారు. చెల్లి నోట్‌బుక్ నిండా రాసుకుంది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ అల్మరాలో ఉంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అనుమానం వచ్చింది వీసా ఫారం దగ్గర. రాత్రి భోజనాలయ్యాక నేనూ చెల్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కన్సల్టెన్సీ వాళ్లు నింపి పంపిన ఫారం చూస్తున్నాం. ఎన్ని రోజులు ఉంటారు అన్న చోట 15 అని ఉంది. ప్రయాణం తేదీ ఆగస్టు. "అక్కా, సెమిస్టర్ అన్నారు కదా, పదిహేను రోజులేంటి?" అంది. ఇంకొంచెం చదివితే అది షార్ట్ స్టే షెంజెన్ వీసా ఫారం, అంటే యూరప్‌లో కొద్ది రోజులు ఉండి రావడానికి ఇచ్చేది. దాంతో 180 రోజుల్లో మొత్తం 90 రోజులకు మించి ఉండటానికి వీల్లేదు. నాలుగైదు నెలలు చదవడానికి వెళ్లేవాళ్లకు నేషనల్ వీసా కావాలి, అది వేరే దరఖాస్తు, వేరే కాగితాలు. పైగా జర్మనీ యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ అక్టోబర్‌లో, సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఆగస్టులో మామూలుగా క్లాసులే జరగవు.

ఆ రాత్రే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఇంటర్నేషనల్ ఆఫీస్ ఈమెయిల్ వెతికి, కన్సల్టెన్సీ ఇచ్చిన ఇన్విటేషన్ లెటర్ జతచేసి రాశాం. రెండో రోజు జవాబు వచ్చింది. మర్యాదగా, నాలుగు లైన్లు. ఇండియాలో ఏ ఏజెన్సీతోనూ మాకు ఒప్పందం లేదు. ఎక్స్ఛేంజ్ సీట్లు మా పార్ట్‌నర్ యూనివర్సిటీలు నామినేట్ చేసిన విద్యార్థులకే ఇస్తాం, మీ కాలేజీ ఆ జాబితాలో లేదు. మీరు పంపిన లెటర్‌లోని ఆగస్టు కోర్సు సెలవుల్లో మా గదులు అద్దెకు తీసుకుని ఒక ప్రైవేట్ సంస్థ నడిపేది, దానికి మా క్రెడిట్లు ఉండవు. అంతే.

లెటర్ మళ్లీ తీసి చూశాం. పైన యూనివర్సిటీ భవనం ఫోటో ఉంది గానీ యూనివర్సిటీ లెటర్‌హెడ్ కాదు. ఎక్స్ఛేంజ్ అన్న మాట ఎక్కడా లేదు, 'కల్చరల్ సర్టిఫికెట్ ప్రోగ్రామ్' అని ఉంది. కింద ఉన్నది జీమెయిల్ అడ్రస్. ఇవన్నీ మొదటి రోజు నుంచీ మా కళ్లముందే ఉన్నాయి.

ఈ మొత్తం వ్యవహారంలో తెలుసుకోవాల్సిన ముక్క నామినేషన్. ఎక్స్ఛేంజ్ అంటే రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం. మీ పేరును అవతలి యూనివర్సిటీకి పంపేది మీ కాలేజీయే, ఇంకెవరూ పంపలేరు. యూరప్‌లో 1987లో మొదలై ఇప్పుడు ఎరాస్మస్ ప్లస్ అని నడుస్తున్న పథకంలోనూ ఇదే పద్ధతి. ఒక సెమిస్టర్ వెళ్లి చదవడానికి ఎంపికైతే అక్కడ ట్యూషన్, రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజులు ఉండవు, పైగా స్కాలర్‌షిప్ వస్తుంది. వెళ్లే ముందు లర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం ఉంటుంది. అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతారు, వాటికి ఎన్ని క్రెడిట్లు, ఇక్కడ ఏ సబ్జెక్టుల బదులు లెక్కలోకి తీసుకుంటారు అన్నది అందులో రాసి విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. యూరప్ లెక్కలో ఒక సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. ఈ కాగితం చూపించమని అడిగితే మా కౌన్సెలర్ "అది వెళ్లాక చేయిస్తాం" అన్నాడు. వెళ్లాక చేయించేది కాదది.

ఎక్స్ఛేంజ్ కాకుండా విజిటింగ్ స్టూడెంట్‌గా సొంత ఫీజు కట్టుకుని సెమిస్టర్ చదివే దారి కూడా ఉంది. అది మోసమేమీ కాదు. కాకపోతే అక్కడి ఫీజులు మీరే కట్టుకోవాలి, క్రెడిట్ల సంగతి మీ కాలేజీతో మీరే మాట్లాడుకోవాలి. దాన్ని ఎక్స్ఛేంజ్ అని పేరు మార్చి అమ్మితే అక్కడే ఆగండి.

అమెరికా ఎక్స్ఛేంజ్ అని చెబితే డీఎస్-2019 ఫారం ఎవరిస్తారో అడగండి. ఎక్స్ఛేంజ్ మీద వెళ్లేవాళ్లకిచ్చే జే-1 వీసాకు అదే మూలం. అమెరికా ప్రభుత్వం గుర్తించిన స్పాన్సర్లు మాత్రమే దాన్ని ఇవ్వగలరు, అమీర్‌పేట ఆఫీసు ఇవ్వలేదు. విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు కూడా మీ పేరు మీద అధికారిక వెబ్‌సైట్‌లో మీరే కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి. 2011లో ట్రైవ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అనే బూటకపు అమెరికా యూనివర్సిటీల వ్యవహారాల్లో మన తెలుగు పిల్లలు ఎంత అల్లాడిపోయారో అందరికీ గుర్తుంది. అప్పట్నుంచి మన ఇళ్లలో యూనివర్సిటీ నిజమైనదా కాదా అని చూసుకోవడం అలవాటైంది. మేమూ చూసుకున్నాం, నిజమైనదే. దానితో మాకు సంబంధం ఉందో లేదో మాత్రం చూసుకోలేదు.

డబ్బు వెనక్కి అడిగితే మొదట రేపు మాపు అన్నారు, తర్వాత అగ్రిమెంట్ మూడో పేజీ చూపించారు. 'సర్వీస్ ఛార్జీలు తిరిగి ఇవ్వబడవు' అని చిన్న అక్షరాల్లో ఉంది, పక్కన నాన్న సంతకం. నాన్న ఆ పేజీ వైపు చూస్తూ ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. ఇంటికొచ్చాక "నేను చదవకుండా పెట్టానమ్మా" అన్నారు. అది ఆయన తప్పని నేను ఒప్పుకోను. చెప్పింది ఒకటి, రాసింది ఇంకొకటి అయినప్పుడు తప్పు రాసినవాళ్లది.

లాయర్ నోటీసు పంపాక 60,000 ఇచ్చారు. మిగతా 1,25,000 కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. ముందుగా 1915 నంబర్‌కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు దారి చెబుతారు. మాకు బాగా పనికొచ్చింది యూనివర్సిటీ పంపిన ఆ నాలుగు లైన్ల ఈమెయిల్, కౌన్సెలర్ వాట్సాప్‌లో 'ఎక్స్ఛేంజ్ సీటు కన్ఫర్మ్' అని పెట్టిన మెసేజ్. కాబట్టి వాట్సాప్ చాట్ చెరిపేయకండి. ఫోన్‌లో చెప్పిన మాటను మెసేజ్‌గా పెట్టమని అడగండి. పెట్టనంటే కట్టకండి.

వేరే దేశాల వాళ్లతో కలిసి నేర్చుకోవాలన్న ఆశకు మన ఊళ్లోనూ దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్ 1998 నుంచి ఉంది, విదేశీ విద్యార్థులు అందులో చేరడానికి గచ్చిబౌలి వస్తుంటారు. తార్నాక దగ్గర ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఎన్నో దేశాల వాళ్లు చదువుకుంటున్నారు. జర్మన్ నేర్చుకోవాలంటే గోథే జెంట్రమ్ ఉంది. చెల్లి ఇప్పుడు అక్కడ మొదటి లెవెల్ క్లాసులకు వెళ్తోంది. ఫోర్కు సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదట. మొదటి రోజే ఎవరి గురించి వాళ్లు జర్మన్‌లో రెండు మాటలు చెప్పించారట.

పోయిన వారం తను కాలేజీలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ చూసే సార్‌ను కలిసింది. ఫ్రాన్స్‌లో ఒక యూనివర్సిటీతో మన కాలేజీకి ఒప్పందం ఉందని, ఏటా ఇద్దరిని నామినేట్ చేస్తామని, దరఖాస్తుకు ఫీజు లేదని చెప్పారు. నోటీసు రెండో అంతస్తులో బోర్డు మీద ఉందట. ఫోటో తీసి పంపింది. ఇంకా పది రోజుల గడువుంది. దరఖాస్తు తనే నింపుతోంది, ప్రతి పేజీ నాన్నకు చదివి వినిపిస్తోంది.