షీల్డుల షాపులో మిగ్-21 ప్యానెళ్లు

"నేమ్‌ప్లేటా సార్, షీల్డా?" అని అడిగాడు కౌంటర్‌లో కుర్రాడు. రెండూ కాదు, యుద్ధవిమానం స్విచ్ ప్యానెల్ అన్నాను. నన్నొకసారి, నా చేతిలో పెన్‌డ్రైవ్‌నొకసారి చూసి, "అన్నా, గీ సార్‌ది నువ్వే చూడు" అని లోపలికి కేకేసి మళ్లీ ఫోన్‌లో పడ్డాడు.

హనుమకొండ చౌరస్తా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఓ గల్లీలో ఉన్న లేజర్ కటింగ్ షాపు ఇది. స్కూళ్ల షీల్డులు, డాక్టర్ల బోర్డులు, గృహప్రవేశాల మెమెంటోలు వీళ్ల అసలు పని. పేరు రాయడం లేదు, ఓనరే వద్దన్నాడు. "ఒక్క ముక్క కోయించుకునేటోళ్లు పదిమంది దిగితే నా షీల్డులు ఎవరు జెయ్యాలె సార్?" అన్నాడు. న్యాయమే. కానీ నాలుగు నెలల్లో ఐదు ప్యానెళ్లు చేయించుకున్నాను. కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట కోసం ఇంట్లో కాక్‌పిట్ (పైలట్ కూర్చునే చోటు) కట్టుకుందామనుకునేవాళ్లకి ఇలాంటి షాపు ఎంత పనికొస్తుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పకపోతే బాగుండదు.

నాది కాజీపేట లోకో షెడ్‌లో ఎలక్ట్రికల్ పని. పగలంతా స్విచ్‌లు, రిలేలు, లగ్గులు. రాత్రి ఇంటికొచ్చి మళ్లీ స్విచ్‌లే అని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వాయుసేన వీడ్కోలు చెప్పింది. 1963లో వచ్చిన విమానం, నేను పుట్టకముందు నుంచీ ఉంది. అది టీవీలో చూసిన రోజే మేడమీద గదిలో 18 ఎంఎం ప్లైవుడ్‌తో ఫ్రేమ్ మొదలుపెట్టాను. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌లో మిగ్-21బిస్ 2014 నుంచీ ఉంది. గేమ్ ఉచితం, ఈ విమానం మాత్రం కొనుక్కోవాలి. అప్పటిదాకా సెకండ్‌హ్యాండ్ స్టిక్ (విమానాన్ని తిప్పే జాయ్‌స్టిక్) ఒకటి, మిగతాదంతా మౌస్. రన్‌వే మీదికి దిగుతూ మౌస్ పాయింటర్ ఎక్కడుందో వెతుక్కోవడం కంటే దరిద్రం ఇంకోటి లేదు.

మిగ్-21నే ఎందుకు అంటే, చవకలో అయ్యేది అదే. ఎఫ్-16 కట్టాలంటే రెండు చిన్న స్క్రీన్లు కావాలి, ఒక్కోదాని చుట్టూ 20 బటన్లు, వాటికి గేమ్‌లోంచి బొమ్మ విడిగా తీసి పంపాలి. మిగ్‌లో రాడార్ తెర ఒక్కటి తప్ప మిగతావన్నీ ముల్లు మీటర్లు, టోగుల్ స్విచ్‌లు. కుడిపక్కన అయితే స్విచ్‌లు వరసలు వరసలుగా ఉంటాయి. బ్యాటరీ, జనరేటర్లు, ఇన్వర్టర్లు, ఫ్యూయల్ పంపులు ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోయి, ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్‌ని ఐడిల్‌కి (కనిష్ఠ జోరుకి) తోసి స్టార్ట్ బటన్ నొక్కాలి. ఆ వరస చేత్తో చేయాలనేదే నా కోరిక. స్టిక్, థ్రాటిల్ ఎంత ఖరీదువి కొన్నా ఆ ‘టక్ టక్’ రాదు. అందుకే డబ్బులు ప్యానెళ్ల మీదే పెట్టాను.

ఇక షాపు సంగతి. ఓనర్ డ్రాయింగ్ తెరిచి మొదట ధర చెప్పలేదు, "స్విచ్ తెచ్చిండ్రా?" అన్నాడు. జేబులోంచి ఒకటి తీసిచ్చాను, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మెటల్ టోగుల్. దాని మర వెర్నియర్‌తో కొలిచాడు. పేరుకు 12 ఎంఎం, కొలిస్తే 11.8 ఉంది. "మీరు 12.2 గీసిండ్రు. లేజర్ తన వంతు తింటది సార్, 11.9 పెడితే కరెక్టుగ కూసుంటది" అన్నాడు. అలాగే కూర్చుంది. 3 ఎంఎం యాక్రిలిక్ కోసేటప్పుడు లేజర్ గీత ఒక ఎంఎంలో పదింట ఒక వంతు నుంచి పదింట రెండు వంతుల దాకా పదార్థాన్ని కాల్చేస్తుంది. చిల్లు అంతమేర పెద్దదవుతుంది, బయటికి కోసిన ముక్క అంతమేర చిన్నదవుతుంది. షీల్డులు చేసేవాడికి ఈ లెక్క అక్కర్లేదు. ఈయనకి తెలుసు.

అంత తెలిసిన మనిషి దగ్గరికెళ్లి కూడా నేను మొదటి ప్యానెల్ చెడగొట్టుకున్నాను. కోయించేముందు కాగితం మీద చూసుకుందామని నెట్ సెంటర్‌లో పీడీఎఫ్ ప్రింట్ తీయించాను. ఫ్రేమ్‌లో ఖాళీ 200 ఎంఎం. ప్రింట్ కొలిస్తే 192. గీసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని డ్రాయింగ్‌ని 208కి సాగదీసి షాపులో ఇచ్చాను. వాళ్లు 208కే కోసిచ్చారు. ఇంటికొచ్చి పెడితే ఎనిమిది ఎంఎం బయటికి పొడుచుకొచ్చింది. సంగతేంటంటే నెట్ సెంటర్ ప్రింటర్‌లో ‘ఫిట్ టు పేజ్’ (బొమ్మని కాగితానికి పట్టేలా కుదించేది) పెట్టి ఉంది. డ్రాయింగ్ తప్పు కాదు, కాగితమే ముడుచుకుంది. ఇప్పుడు ప్రతి డ్రాయింగ్ మూలన సరిగ్గా 100 ఎంఎం గీత ఒకటి గీస్తున్నాను. ప్రింట్‌లో అది స్కేలుతో కొలిచాకే మిగతాది చూస్తాను. షాపాయన ఆ ముక్కకి పూర్తి డబ్బులు తీసుకున్నాడు, తీసుకోవాల్సిందే. అప్పట్నుంచి మాత్రం ముందు అట్టమీద కోసిస్తున్నాడు, ముప్ఫై రూపాయలు. అది ఫ్రేమ్‌లో పెట్టి చూసుకుని, సరిపోయిందని ఫోన్ చేస్తేనే అసలు షీటు ఎక్కిస్తాడు.

షీటు విషయంలో కూడా ఆయన మాటే విన్నాను. చవగ్గా అయిపోతుందని సన్‌బోర్డు పట్టుకెళ్లాను. మిషన్ మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. సన్‌బోర్డంటే పీవీసీ, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్లపు పొగ, మనిషికీ మిషన్‌కీ రెండిటికీ చేటు. ఏ లేజర్ షాపు వాళ్లయినా సన్‌బోర్డుకి సరేనంటే అక్కడ్నుంచి వచ్చేయండి.

చివరికి తీసుకున్నది 3 ఎంఎం పాల రంగు యాక్రిలిక్. దాని మీద మ్యాట్ బ్లాక్ స్ప్రే రెండు పూతలు నేనే ఇంట్లో కొట్టి, రెండ్రోజులు ఆరబెట్టి తీసుకెళ్లాను. లేజర్ ఆ నల్లరంగుని అక్షరాల ఆకారంలో గీకేస్తే కింద తెలుపు బయటపడుతుంది, వెనక ఎల్ఈడీ స్ట్రిప్ వెలిగిస్తే అక్షరాలు వెలుగుతాయి. పని జరిగేటప్పుడు అక్కడే నిలబడి చూశాను. లేజర్ తల అటూ ఇటూ తిరుగుతుంటే వెంట్రుకంత వరసలు ఒక్కొక్కటే తెల్లబడుతూ, ముందు తలకట్టు, తర్వాత అక్షరం నడుము, చివర్న ఒత్తు, పైనుంచి కిందికి మాట నిండుతుంది. కాలిన యాక్రిలిక్ వాసన మాత్రం చొక్కాకి పట్టి సాయంత్రం దాకా వదలదు.

ఇక్కడ షాపుకి ఒక మార్కు తీసేస్తాను. మొదటి ప్యానెల్ మీద అక్షరాలు మరీ లోతుగా దిగాయి, అంచుల్లో రంగు మాడి పసుపు తేలింది. లేజర్ పవర్‌ని షీల్డులకి పెట్టినట్టే వదిలేశారు. అడిగితే ఒప్పుకుని, తర్వాతిదానికి వేస్టు ముక్క మీద ఒకే అక్షరాన్ని ఆరు రకాల పవర్‌లతో గీసి చూపించాడు. నాలుగోది ఎంచుకున్నాం. ఆ ముక్క నా దగ్గరే దాచుకున్నాను, ప్రతిసారీ అదే చూపిస్తాను. మీరు వెళ్తే ముందే అడిగి గీయించుకోండి, వాళ్లంతట వాళ్లు చెయ్యరు.

అక్షరాలు తెలుగులో పెట్టాలన్నది మా అమ్మాయి పట్టు. అసలు విమానంలో రష్యన్, గేమ్‌లో ఇంగ్లిష్ కూడా పెట్టుకోవచ్చు. మనింట్లో విమానానికి తెలుగెందుకు ఉండకూడదు అంది. తనే టైప్ చేసిచ్చింది. షాపులో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా పాతది, వాళ్ల తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, ఫైలు తెరిస్తే అన్నీ డబ్బాలే. ఇంట్లో ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల్ని గీతలుగా మార్చి మళ్లీ తీసుకెళ్తే సరిపోయింది. ఇంకో తంటా, సైజు. మూడున్నర ఎంఎం ఎత్తులో ‘బ్యాటరీ’ ఫర్వాలేదు గానీ ‘ఇన్వర్టర్’లో వ ఒత్తు, ట ఒత్తు రెండూ నిండిపోయి మచ్చల్లా వచ్చాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే సైజు మనకి సరిపోదు. ఐదు ఎంఎం పెట్టాక ఒత్తులు విడిగా కనబడ్డాయి, దాంతో స్విచ్‌ల మధ్య ఎడం మళ్లీ పెంచాల్సి వచ్చింది.

టైం విషయంలో వీళ్లని నమ్ముకోకండి. మూడ్రోజులన్నది పద్దెనిమిది రోజులైంది. అది డిసెంబర్, సర్పంచ్ ఎన్నికలు. గెలిచినవాళ్లందరికీ బోర్డులు, వాళ్లని సన్మానించేవాళ్లకి మెమెంటోలు. నేను వెళ్లినప్పుడల్లా నా షీటు గోడకి ఆనించే ఉండేది, మిషన్ మీద ఇంకో ఊరి సర్పంచ్ గారు. తర్వాత మేడారం జాతర అన్నారు. ఫోన్ చేస్తే "రేపు" అంటారు, నేరుగా వెళ్లి నిలబడితే అరగంటలో అవుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత, వారం మధ్యలో వెళ్లండి.

ప్యానెల్ తెచ్చుకున్నాక చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి, ఇది పూర్తిగా నాదే. చిల్లుల చుట్టూ పట్టిన పొగ మరకల్ని షెడ్‌లో కాంటాక్టులు తుడిచే స్పిరిట్‌తో తుడిచాను. మెరిసిపోయింది. పొద్దున్నే చూస్తే ప్రతి చిల్లు చుట్టూ సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు. లేజర్‌తో కోసిన యాక్రిలిక్ అంచుల్లో వేడికి బిగువు ఉండిపోతుంది, స్పిరిట్ తగిలితే అక్కడ చిట్లుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. షాపాయనకి చెబితే, "అడిగితే చెప్పెటోణ్ణి గద సార్" అన్నాడు. అడగాలని తెలిస్తే కదా.

వైరింగ్ గురించి తక్కువే చెబుతాను. మొదట ప్రో మైక్రో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో ఐదు అడ్డం, ఐదు నిలువు మ్యాట్రిక్స్ వేశాను, పది పిన్నులకి 25 స్విచ్‌లు. టోగుల్స్ ఎప్పుడూ కొన్ని ఆన్‌లోనే ఉంటాయి కాబట్టి ఒక్కో స్విచ్‌కి ఒక డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) పెట్టకపోతే ముట్టుకోని స్విచ్ కూడా ఆనైనట్టు చూపిస్తుంది. డయోడ్లు పెట్టాను, కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్ లాగా బాగానే కనబడింది. కానీ గేమ్‌లో చాలా స్విచ్‌లకి ‘మార్చు’ అనే ఆదేశం ఒక్కటే ఉంటుంది. ఒక్కసారి తేడా వచ్చిందంటే నా స్విచ్ పైకి, గేమ్‌లో స్విచ్ కిందికి. అదంతా పీకేసి ఆర్డుయినో మెగా అనే పెద్ద బోర్డు పెట్టాను. 54 డిజిటల్ పిన్నులు, స్విచ్‌కో పిన్ను, మ్యాట్రిక్స్ లేదు, డయోడ్ లేదు. డీసీఎస్-బయోస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో స్విచ్‌కి ఒక్క లైను రాస్తే ‘పైన ఉంది’, ‘కింద ఉంది’ అని స్పష్టంగా గేమ్‌కి వెళ్తుంది. చక్రాలు దిగాయని చెప్పే మూడు పచ్చ దీపాలు కూడా దాంతోనే వెలుగుతున్నాయి. ఆట మొదలుపెట్టేముందు అన్ని స్విచ్‌లూ కిందికి దించాలి, అంతే. మిగిలిన డయోడ్లు ఓ డబ్బాలో ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే ఇస్తాను.

ప్రో మైక్రో ఊరికే పోలేదు. మిగ్-21లో చక్రాల బ్రేకు స్టిక్‌కే ఉండే లీవర్. సైకిల్ షాపులో బ్రేక్ లీవర్ ఒకటి కొని స్టిక్‌కి బిగించి, చిన్న అయస్కాంతం, దాని కదలికని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టి దీనికి కలిపాను. ముందు పొటెన్షియోమీటర్ (వాల్యూమ్ నాబ్‌లో ఉండేలాంటిది) పెడితే రీడింగ్ ఊరికే వణికేది, విమానం రన్‌వే మీద తాగినవాడిలా నడిచేది.

ఐదు ప్యానెళ్లకి, చెడిపోయినదాన్నీ అట్టముక్కల్నీ కలిపి, షాపుకి ఇచ్చింది 2,650 రూపాయలు. షీటు, స్ప్రే నావి. పని నాణ్యతకి ఐదుకి నాలుగున్నర, టైంకి ఒకటిన్నర. బిల్లు అడిగితే ‘నేమ్‌ప్లేట్లు – 5’ అని రాసిచ్చారు.

మొన్న ఆదివారం షాపాయన మా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి, కుడిపక్క వరస మొదట్నుంచి ఎత్తమన్నాను. బ్యాటరీ ఎత్తగానే అక్షరాలు వెలిగాయి. ఆయన రెండో స్విచ్ ముట్టుకోలేదు. ముఖం ప్యానెల్‌కి ఆనించి, "గీ ‘పంపు’ కింద రంగు కొద్దిగ లేచింది సార్" అన్నాడు. విప్పి తీసుకురమ్మన్నాడు, ఫ్రీగా మళ్లీ గీస్తాడట. ఎప్పుడిస్తావని అడిగాను.

"రేపు."