నాన్నగారి ఫోన్‌లో యూబ్లాక్ ఆరిజిన్: నా రివ్యూ

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, అందులో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. రెండూ ఉచితమే. మా నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేశాను. రొయ్యల చెరువుల మీద బతికే ప్రతి ఇంట్లోనూ ఇవి ఉండాలనిపించి రాస్తున్నాను. వీటితో కాని పనులు కూడా చెప్తాను.

మాది ఆకివీడు దగ్గర పల్లె. నాన్నగారు లీజు చెరువుల్లో వెనామీ రకం రొయ్యలు వేస్తారు. పొద్దున్నే గట్టు మీద, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూసుకుని, ఆ తర్వాత ఫోన్‌లో వంద కౌంట్ (కిలోకి వంద తూగేవి) రేటు ఎంత, ముప్పై కౌంట్ ఎంత అని చూడటం ఆయనకి అలవాటు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరాక రోజంతా అదే పని అయింది. రేట్లు చెప్పే సైట్లకి డబ్బు కట్టక్కర్లేదు గానీ, తెరలో సగం ప్రకటనలే ఉంటాయి. మూసే గుర్తు ఆవగింజంత. వయసు మీద పడ్డ వేళ్లతో దాన్ని నొక్కబోతే ఇంకేదో యాప్ డౌన్‌లోడ్ పేజీ తెరుచుకుంటుంది.

దాన్నైనా ఓర్చుకోవచ్చు. అసలు బాధ ఒక చెరువుకి తెల్లమచ్చ అనే రొయ్యల జబ్బు తగిలినప్పుడు మొదలైంది. అది వైరస్, సోకాక నయం చేసే మందు లేదు. ఆ సంగతి తెలిసి కూడా నాన్నగారు రాత్రంతా ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నారు. ఇంకో చెరువుకి పాకకుండా ఏం చేయాలి, లీజు డబ్బు ఎక్కడ పుడుతుంది అని. ఇక ఆ తర్వాత ఏ పేజీ తెరిచినా అవే ప్రకటనలు. తెల్లమచ్చకి గ్యారంటీ మందు. అయిదు నిమిషాల్లో లోన్, పూచీకత్తు అక్కర్లేదు. మీ పొలానికి మంచి రేటు. క్రికెట్ స్కోరు చూద్దామన్నా వాటి మధ్యలోంచే చూడాలి. “నా అప్పుల సంగతి దీనికి ఎవరు చెప్పారమ్మా?” అని అడిగారు. టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు పక్కవాళ్లకి తెర కనపడకుండా ఫోన్ తిప్పి పట్టుకోవడం మొదలుపెట్టారు. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

ఫోన్ మన మాటలు వింటుందని మా ఊళ్లో చాలామంది నమ్మకం. వినాల్సిన అవసరమే లేదు. మనం వెతికిన మాటలు, తెరిచిన పేజీలు చాలు. చాలా సైట్లలో మనం ఏం చూస్తున్నామో రాసిపెట్టుకునే, మనకి కనపడని ట్రాకర్లు ఉంటాయి. పేజీ తెరుచుకునే ఆ కాస్త వ్యవధిలోనే, సెకనులో చిన్న వంతులో, పేజీలో ప్రకటన పెట్టే ఖాళీ జాగాకి వేలం జరుగుతుంది. ఈ మనిషి ఎవరు, ఎక్కడున్నాడు, ఈమధ్య ఏం చూశాడు అన్న వివరాలు పాట పాడేవాళ్లకి వెళ్తాయి. ఎక్కువ పాడినవాడి ప్రకటన మనకి కనపడుతుంది. చేపల మార్కెట్లో వేలం వేసేది సరుకుని, ఇక్కడ మాత్రం మా నాన్నగారి దిగులుని.

ఇక యూబ్లాక్ ఆరిజిన్ సంగతి. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. చందాలు కూడా తీసుకోరు. ప్రకటనల సర్వర్ల పేర్లు, ట్రాకర్ల పేర్లు జాబితాలుగా పెట్టుకుని, పేజీ వాటిని పిలవగానే ఆపేస్తుంది. అంటే ప్రకటనని దాచడం కాదు, చాలావరకు అసలు దిగనే దిగదు. అందుకే సిగ్నల్ సరిగ్గా అందని చెరువు గట్టు మీద కూడా రేట్ల పేజీ గబుక్కున తెరుచుకుంటోంది, డేటా కూడా మిగులుతోంది. నాన్నగారికి నేర్పాల్సింది ఏమీ లేకపోయింది. పాత బ్రౌజర్ గుర్తు ఉన్నచోట ఫైర్‌ఫాక్స్ గుర్తు పెట్టాను, అంతే. రేట్ల పేజీలో ఇప్పుడు రేట్లే ఉంటున్నాయి. తెర తిప్పి పట్టుకోవడం మానేశారు. నాకు అన్నిటికంటే విలువైనది అదే.

దీనితో కాని పనులున్నాయి. ఇది బ్రౌజర్ లోపలే పనిచేస్తుంది. వేరే యాప్‌లలో వచ్చే ప్రకటనల జోలికి పోదు. అందుకని ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రకటనల విభాగానికి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని కూడా డిలీట్ చేశాను. దాంతో ప్రకటనలు ఆగవు గానీ, ఆ ఐడీతో యాప్‌లన్నిటిలో ఒకే మనిషిని గుర్తుపట్టే దారి మూసుకుపోతుంది. అప్పుడప్పుడు ఏదైనా ప్రభుత్వ సైట్‌లోనో బ్యాంకు పేజీలోనో బటన్ పనిచేయకపోతే, ఆ సైట్ వరకు యూబ్లాక్‌ని ఆపుకోవచ్చు. ఫోన్‌లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలు లేదు, బ్రౌజర్ మార్చుకోక తప్పదు.

ప్రకటనలు పూర్తిగా ఆపేస్తే చిన్న సైట్లు ఎలా బతుకుతాయి అని మా తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నాన్నగారు రోజూ చదివే ఒక చిన్న తెలుగు సైట్‌కి నేను అనుమతి ఇచ్చాను. రొయ్యల వార్త పక్కన చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ప్రకటన వస్తే నాకేం అభ్యంతరం లేదు, అది వార్తని బట్టి వచ్చింది. మనిషి కష్టంలో ఉన్నాడని పసిగట్టి, అర్ధరాత్రి అతని ముందు లోన్ పెట్టడమే నేను ఒప్పుకోలేనిది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ట్రాక్ చేసి వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని అందులో ఉంది. పెద్దవాళ్లకి మాత్రం అలాంటి నిషేధం లేదు. అప్పుల్లో ఉన్న రైతుకీ అలాంటి రక్షణ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. లోన్ యాప్‌లు మన కాంటాక్టులు, కాల్ లాగ్‌లు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో ఆదేశించింది. ఏ యాప్ అయినా కాంటాక్టులు అడిగితే అక్కడే ఆగిపొమ్మని నాన్నగారికి చెప్పాను. మోసపోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు.

వేసుకునేవాళ్లు ఫైర్‌ఫాక్స్ మెనూలోని ఎక్స్‌టెన్షన్స్ నుంచే తీసుకోండి. పేరులో ‘ఆరిజిన్’ ఉందో లేదో తప్పకుండా చూడండి, ఆ మాట లేకుండా ఉత్త ‘యూబ్లాక్’ అని ఉండేది వేరే. డబ్బు అడిగిందంటే అది ఇది కాదు.