36 కెమెరాలన్నారు, 12 తెచ్చారు: బుల్లెట్ టైమ్ షూట్‌కు అడ్వాన్సు ఇచ్చేవాళ్లు జాగ్రత్త

వెబ్‌సైట్ కోసం బుల్లెట్ టైమ్ షూట్, అంటే ఆగిపోయిన ఒక్క క్షణం చుట్టూ తిరిగి చూసేలా చాలా కెమెరాలతో ఒకేసారి తీసే షూట్, చేయించాలని హైదరాబాద్‌లో ఎవరితోనైనా బేరం ఆడుతున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి. స్టూడియో పేరు రాయను. ఈ పని కోసం వెతికేవాళ్లకు రాయక్కరలేదు కూడా. పెళ్లిళ్లకు 360 బూత్‌లు అద్దెకిస్తూ, అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన కెమెరాల ఫొటోను పేజీ నిండా పరుచుకున్నవాళ్లే. అందులో కనిపించే కెమెరాలు వాళ్లవి కావని మాత్రం నాకు హాలులో తెలిసింది.

పని ఇది. ఒక కూచిపూడి నాట్యాలయానికి వెబ్‌సైట్ చేస్తున్నాను. తెరవగానే నర్తకి గాలిలో ఉంటుంది. జడకుచ్చులు పైకి లేచి, కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకుని, కుడిచేయి త్రిపతాకం అనే ముద్రలో. కాలం అక్కడే ఆగిపోతుంది. చూసేవాళ్లు వేలితో తెరను పక్కకు లాగితే ఆమె చుట్టూ అర్ధవృత్తం తిరగవచ్చు, చేతిని తాకితే ముద్ర పేరు, దాని వినియోగం వస్తాయి. ఇందుకు ఒకే క్షణంలో, వేర్వేరు కోణాల నుంచి తీసిన ఫొటోలు కావాలి. 180 డిగ్రీలకు 36 కెమెరాలు పెడితే పక్కపక్క కెమెరాల మధ్య సుమారు 5 డిగ్రీల తేడా వస్తుంది. కొటేషన్‌లో అదే ఉంది. సగం డబ్బు ముందే కట్టాను.

షూట్ రోజున గంటన్నర ఆలస్యంగా వచ్చి పన్నెండు కెమెరాలు దించారు. అవీ ఒకే మోడల్ కాదు. మిగతావి వెనక వస్తున్నాయేమో అని ఇంకా వ్యాను వైపు చూస్తున్నానంటే నా ఆశావాదాన్ని మెచ్చుకోవాలి. "మిగతా ఇరవై నాలుగు సాఫ్ట్‌వేర్ పెట్టేస్తుంది సార్" అన్నాడు స్టూడియో ఆయన, పన్నెండు విస్తళ్లు వేసి ముప్పై ఆరు మందికి భోజనం అయిపోయిందన్నంత ధీమాగా. నాట్యం చేయాల్సిన అమ్మాయి తెల్లవారుజాము నుంచి పూర్తి ఆహార్యంలో కూర్చుని ఉంది. హాలు మధ్యాహ్నం వరకే మనది. గురువుగారు నా వైపు చూసి "మీకు నమ్మకం ఉంటే కానివ్వండి బాబూ" అన్నారు. కానిచ్చాను.

పన్నెండు కెమెరాలతో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ 1878లోనే గుర్రం పరుగును ఫొటోలు తీశాడు. కెమెరాల లెక్కలో మనవాళ్లు అక్కడే ఉన్నారు. అయినా ఆయనకు కావలసింది వేరు, ఒక క్షణం తరవాత ఇంకో క్షణం. మనకు అన్ని కెమెరాల్లోనూ ఒకటే క్షణం పడాలి. కష్టమంతా అక్కడే ఉంది. బటన్ అందినప్పటి నుంచి షట్టర్ తెరుచుకునేదాకా ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆలస్యం. గెంతులో చేయి సెకనుకు 3 మీటర్ల వేగంతో కదులుతుందనుకోండి, రెండు కెమెరాల మధ్య సెకనులో వందోవంతు తేడా వచ్చినా చేయి 3 సెంటీమీటర్లు జరిగిపోతుంది. దీన్ని తప్పించే పాత ఉపాయం ఒకటుంది. హాలు చీకటి చేసి, అన్ని షట్టర్లూ ఒక సెకను తెరిచి ఉంచి, గెంతు పైకి వెళ్లిన క్షణాన ఒక్కసారి ఫ్లాష్ వెలిగించడం. వెలుగు ఉన్న ఆ కొద్దిసేపే అన్ని కెమెరాల్లోనూ పడుతుంది, షట్టర్ల తేడాలతో పని ఉండదు. అడిగాను. "ఫ్లాష్ పెడితే చార్జి వేరు."

మధ్యలో నిలబెట్టే గుర్తుల కర్ర ఏదని కూడా అడిగాను. అమ్మాయి రాకముందే ఆ కర్రను అన్ని కెమెరాలతో ఫొటో తీసుకుంటే, తరవాత దాన్ని బట్టి ఫ్రేములన్నీ ఒక వరసకు తెచ్చి, అంచులు కత్తిరించవచ్చు. అందుకే కాస్త దూరం నుంచి తీస్తారు. "కంటితో సరిపెట్టేశాం" అన్నారు. సరిపెట్టేశారు నిజమే. ఇప్పుడు తెరను లాగుతుంటే అమ్మాయి నడుము ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఎత్తులో ఉంటుంది.

నాలుగు గెంతులయ్యాక మహానుభావుడు ఒక సలహా కూడా ఇచ్చాడు. "ఒంటికాలి మీద కదలకుండా నిలబడమనండి, కెమెరా తిప్పేస్తాం. ఫిలిప్స్ ప్రకటన అలాగే తీశారు." ఆ ప్రకటన నాకూ తెలుసు. 2009లో టీవీ అమ్మకం కోసం చేసింది, ప్రకటనలకిచ్చే కాన్స్ లయన్స్ అవార్డుల్లో గ్రాండ్ ప్రీ వచ్చింది. అందులో నటులను కదలకుండా నిలబెట్టి కెమెరాను వాళ్ల మధ్య నుంచి నడిపారు, వెబ్‌సైట్‌లో చూసేవాళ్లు మధ్యలో ఆపి తెరవెనక పని చూసేలా కట్టారు. చక్కటి పద్ధతే. ఎగిరిన మనిషికి, లేచిన జడకు అది ఎలా పనికొస్తుందో మాత్రం ఆయన చెప్పలేదు. జడను దారంతో పైకి కడతారేమో.

అసలు సంగతి ఫైలు వచ్చాక జరిగింది. మొదటిసారి తెరిచినప్పుడు బాగానే ఉన్నట్టు తోచింది. గురువుగారు ఫోన్‌లో నెమ్మదిగా లాగుతూ చూసి, ఆగి, "ఇదేమిటి, త్రిపతాకం కదా మనం పట్టింది?" అన్నారు. త్రిపతాకంలో ఉంగరపువేలు మడిచి ఉండాలి. రెండు నిజమైన ఫొటోల మధ్య సాఫ్ట్‌వేర్ అల్లిన ఫ్రేముల్లో ఆ వేలు నిటారుగా లేచి పతాకం అనే వేరే ముద్ర అయింది. ఇంకాస్త లాగితే చిటికెనవేలు కూడా కరిగిపోయి అర్ధపతాకమనే ఇంకో ముద్రలాగా ఏదో కనిపించింది. ఒక ఫ్రేములో ఆరు వేళ్లున్నాయి. దానికి శాస్త్రంలో పేరు లేదు.

ఫోన్ చేసి చెప్పాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం, తరవాత నవ్వు. వినయంగా కాదు, పక్కన ఎవరికో వినిపించేలా నవ్వు. "వేళ్లు ఎవరు లెక్కపెడతారండీ? ఫోన్‌లో చూసేవాళ్లకు మొహం కనిపిస్తే చాలు."

ఇక్కడే నాకు మండింది. కెమెరాలు తక్కువ తేవడం మోసం, సరే. ముద్రల పేర్లు తెలిపే సైటు కోసం షూట్ చేసి, వేళ్లు ఎవరికి కావాలని నవ్వడం! ఆ అమ్మాయి చేతిని అలా నిలపడానికి ఎన్నేళ్లు సాధన చేసిందో అడిగే ఓపిక నాకు లేకపోయింది. ఫోన్ పెట్టేశాను.

తరవాత మెసేజ్‌లో సమర్థన: "మేట్రిక్స్‌లో కూడా మధ్య ఫ్రేములు కంప్యూటరే చేసింది." చేసింది. 1999 నాటి ఆ సినిమాకు సుమారు 120 స్టిల్ కెమెరాలు వరసగా పెట్టి, మిగిలిన చిన్నచిన్న సందులను కంప్యూటర్‌తో పూడ్చారు. పక్కపక్క ఫొటోల్లో ఏ చుక్క ఎటు జరిగిందో లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ మధ్య బొమ్మను అల్లుతుంది. సందు చిన్నదైతే లెక్క కుదురుతుంది. 12 కెమెరాలతో 180 డిగ్రీలంటే సందు 16 డిగ్రీలు దాటుతుంది. ఒక ఫొటోలో కనిపించే వేలు పక్క ఫొటోలో మరో వేలి వెనక దాక్కుంటుంది. దాక్కున్నది ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ఊహిస్తుంది. ఊహించినవాటిని "36 ఒరిజినల్ ఫ్రేములు" అని బిల్లులో రాయడానికి మాత్రం సాఫ్ట్‌వేర్ చాలదు, గుండె ధైర్యం కావాలి.

ఇంకొకటి మరిచాను. ఒప్పుకున్నది విడివిడి బొమ్మలు, ఇచ్చింది ఒక వీడియో. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు, అక్కడక్కడ మాత్రమే ఒక పూర్తి బొమ్మ (కీఫ్రేము), మిగతావి దాని నుంచి వచ్చిన మార్పులు. వరసగా ఆడిస్తే ఇబ్బంది లేదు. వేలితో వెనక్కి లాగినప్పుడు బ్రౌజర్ ప్రతిసారీ వెనకటి కీఫ్రేము దగ్గర మొదలుపెట్టాలి, తెర తడబడుతుంది. "మా లాప్‌టాప్‌లో బాగుంది సార్" అన్నారు. విడి బొమ్మలుంటే కాన్వాస్ మీద (వెబ్‌పేజీలో బొమ్మలు గీసే చోటు) వేలి కదలికకు తగ్గట్టు మార్చుకునేవాణ్ని. అక్కడా జాగ్రత్త కావాలి. 1920×1080 బొమ్మ ఒకటి విప్పితే మెమరీలో సుమారు 8.3 ఎంబీ, 36 బొమ్మలంటే 300 ఎంబీ దగ్గర. చిన్న ఫోన్లలో ట్యాబ్ మూసుకుపోతుంది, వాటికి 1280×720 విడిగా ఇవ్వాలి. ఆ తలనొప్పి నాది, నేను పడేవాణ్ని. కెమెరాల నుంచి వచ్చిన అసలు ఫైళ్లైనా పంపమంటే అవి "స్టూడియో ఆస్తి" అట.

అడ్వాన్సు తిరిగి రాదని తేల్చి చెప్పారు. మిగతా సగం నేను ఇవ్వనని తేల్చి చెప్పాను. హాలు అద్దె, మేకప్ ఖర్చు నా లెక్కలోకే.

ఎవరికైనా ఇంకా చేయించాలని ఉంటే: కెమెరాల సంఖ్య, మోడల్, అసలు ఫైళ్లు ఎవరివి అన్నది కాగితం మీద రాయించుకోండి. సాఫ్ట్‌వేర్ అల్లిన ఫ్రేములు ఎన్నో విడిగా చెప్పమనండి. పాత పని చూపిస్తే వాళ్ల లాప్‌టాప్‌లో కాదు, మీ ఫోన్‌లో తెరిచి, వెనక్కి ముందుకి లాగి, చేతుల దగ్గర ఆపి చూడండి.