క్యాన్సర్ రోగుల గ్రూపు పేరుతో పొడి అమ్ముతున్నారు: డబ్బు కట్టబోయేవారికి హెచ్చరిక

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల క్యాన్సర్ రోగుల కోసమని చెప్పుకునే ఒక వాట్సాప్ గ్రూపులో నాకు ఎదురైన అనుభవాన్ని, అందులో డబ్బు కట్టబోయేవారు ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను. రొమ్ము క్యాన్సర్‌కు కర్నూలులో కీమో చేయించుకుంటున్న నాకు, నోరు పూసి మజ్జిగ కూడా గొంతు దిగని రాత్రుల్లో, అదే బాధ పడుతున్నవారితో నాలుగు మాటలు చెప్పుకునే చోటు దొరకడం పెద్ద ఊరట. వేళ్ల తిమ్మిరి గురించి, చుట్టాల పరామర్శల గురించి నేను రాసినవాటికి ఎందరో ఓపికగా బదులిచ్చేవారు. ఆ సభ్యుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

చేరేటప్పుడు పరిచయం పేరిట వ్యాధి ఏ దశలో ఉందో, ఎక్కడ చూపించుకుంటున్నామో, ఎంత ఖర్చవుతోందో రాయించి, బయాప్సీ రిపోర్టు ఫోటో కూడా పెట్టించారు. ఆ తరువాత నిర్వాహకుడు విడిగా ఫోన్ చేసి, "అక్కా, మీది రెండో దశే కదా, కీమోతో ఒళ్లు గుల్ల చేసుకోవద్దు, మా పొడితో గడ్డ కరిగిపోతుంది" అన్నాడు. ఎవరికి ఏ మాట చెప్తే కొంటారో అతనికి మన రాతల్లోనే దొరుకుతుంది. నేను కీమో ఆపలేదు గానీ, ఆకలి పుడుతుందని చెప్పినందున 6,800 రూపాయలు పంపాను.

వచ్చిన డబ్బా మీద మందుకు ఉండవలసిన తయారీ లైసెన్సు నంబరు గానీ, బ్యాచ్ నంబరు గానీ లేవు. ప్రభుత్వ అనుమతి అంటూ వారు చూపినది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. అది ఆహార పదార్థాల వ్యాపారులకు ఇచ్చేది, కారప్పొడి ప్యాకెట్టు మీదా ఉంటుంది, జబ్బు నయమవుతుందనడానికి అది ఆధారం కాదు. పొడిలో లక్ష్మణ ఫలం ఆకు ఉందన్నారు. ప్రయోగశాలలో కణాల మీద దాని ప్రభావం కనిపించినా, మనుషుల్లో క్యాన్సర్‌ను నయం చేస్తుందనడానికి రుజువు లేదు. పైగా దాన్ని విరివిగా వాడే గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్‌ను పోలిన నరాల జబ్బుకూ దానికీ సంబంధం ఉండవచ్చని పరిశోధకులు అనుమానించారు. కీమో మందుల్లో చాలావాటిని కాలేయమే విరగ్గొట్టాలి కనుక, ఏముందో తెలియని పొడి తోడైతే రక్తంలో మందు మోతాదు తారుమారు కావచ్చని మా డాక్టరు దాన్ని ముట్టనివ్వలేదు.

డబ్బు తిరిగి అడగగానే నన్ను గ్రూపు నుండి తొలగించారు. అంతకన్నా నన్ను బాధపెట్టినది వేరే ఉంది. అనంతపురంలో ఉండే మా పిన్ని కూతురు పంపిన ఒక ఫేస్‌బుక్ ప్రకటనలో, బోడితలపై కొంగు కప్పుకోకుండా మొదటిసారి రేషన్ షాపుకు వెళ్లిన రోజు గురించి నేను గ్రూపులో రాసుకున్న వాక్యాలు అక్షరం మారకుండా ఉన్నాయి. పైన ఎవరో స్త్రీ ఫోటో, చివర పొడితో గడ్డ మాయమైందని వారు అతికించిన ముక్క. క్యాన్సర్‌ను నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నిషేధిస్తోంది. ఆ చట్టం జాబితాలో క్యాన్సర్ పేరు స్పష్టంగానే ఉంది.

ఇటువంటి గ్రూపుల్లో రాయడం మానమని నేను చెప్పను, నేనూ మానలేదు. రిపోర్టుల ఫోటోలు, ఆసుపత్రి నంబరు, ఖర్చుల వివరాలు మాత్రం పెట్టకండి. ఇప్పటికే మోసపోయినవారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ ఫోన్ చేయవచ్చు. నిర్వాహకుడు గ్రూపులోని సందేశాలను అందరికీ కనబడకుండా తొలగించగలడు కాబట్టి, డబ్బు తిరిగి అడగడానికి ముందే స్క్రీన్‌షాట్లు తీసుకుని, చెల్లింపు రసీదును, డబ్బాను భద్రపరచుకోండి.