గుణిజాల లెక్క: రాసుకుంటూ పోవాలా, భాగించాలా, శ్రేఢి వేయాలా?

200 నుంచి 600 వరకు, రెండు చివరలూ కలుపుకొని, 8తోనూ 12తోనూ నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలు ఎన్ని?

విదేశీ పీజీ చదువుల ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈకి చదువుతున్న మా అక్క కూతురు ఈ లెక్కను నా ఎదుటే చేసింది. ఎనిమిదిని పన్నెండుతో హెచ్చవేసి 96 అని రాసి, దాని కింద రెండు గీతలు కూడా గీసింది. జవాబు నాలుగు వచ్చింది. 216ను ఆ రెండింటితోనూ భాగించి చూడమన్నాను. రెండుసార్లూ శేషం సున్నా. కానీ 216 ఆమె లెక్కలోకి రానే లేదు. 8కీ 12కీ 4 ఉమ్మడి కారణాంకం కాబట్టి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 24 అవుతుంది, 96 కాదు. ఇక్కడ కాలు జారితే ఆ తర్వాత ఎంత మంచి పద్ధతి పట్టుకున్నా ఫలితం ఉండదు.

24 చేతికొచ్చాక దారులు మూడు. మొదటిది 216, 240, 264 అంటూ 600 దాకా రాసుకుంటూ పోవడం. చాలామంది దీన్ని చిన్నపిల్లల పద్ధతి అని తీసిపారేస్తారు. నాకైతే దీనిమీద గౌరవమే. ప్రశ్న 300 నుంచి 400 వరకే అడిగితే 312, 336, 360, 384 అని నాలుగు రాసి ముందుకు పోవచ్చు, ఏ సూత్రమూ అంత త్వరగా తేల్చదు. పదిహేడు సంఖ్యలు రాయాల్సి వచ్చినప్పుడే చిక్కు. జీఆర్‌ఈలో లెక్కల భాగమైన క్వాంట్ మొదటి విభాగంలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దాంట్లో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. అంటే ప్రశ్నకు నిమిషంన్నర పైచిలుకు. ఇంటి నుంచే పరీక్ష రాసేవారికి చెరిపి రాసుకునే చిన్న తెల్లబోర్డే గతి కావచ్చు. పదిహేడు సంఖ్యలు దాన్ని సగం ఆక్రమిస్తాయి.

రెండోది భాగహారం. 600ను 24తో భాగిస్తే భాగఫలం 25, అంటే 600 వరకు 25 గుణిజాలు. వాటిలో 200కు ముందున్నవాటిని తీసేయాలి, కాబట్టి 199ని భాగించాలి. భాగఫలం 8. ఇరవై ఐదులోంచి ఎనిమిది పోతే 17. రెండు భాగహారాలు, ఒక తీసివేత. తెరమీద కాలిక్యులేటర్ ఇచ్చే జీఆర్‌ఈలో 8.29 అని కనిపిస్తే దశాంశ భాగాన్ని వదిలేస్తే సరి. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో కాలిక్యులేటర్ లేని క్వాంట్‌లోనూ ఇవి నోటితో అయ్యే భాగహారాలే.

ఇందులో తడబడే చోటు ఒక్కటే, కింది హద్దు. 199 బదులు 200ను భాగించినా ఈ లెక్కలో ఎనిమిదే వస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. 216 నుంచి 600 వరకు అని అడిగినప్పుడు తెలుస్తుంది. 216నే భాగిస్తే 9 వచ్చి, లెక్కలో ఉండాల్సిన 216 ఎగిరిపోతుంది. 215ను భాగించాలి.

మూడోది అంకశ్రేఢి, అంటే సమాన తేడాతో సాగే సంఖ్యల వరుస. మొదటి పదం 216, చివరి పదం 600, తేడా 384. దాన్ని 24తో భాగిస్తే 16, ఒకటి కలిపితే 17. ఆ ఒకటి కలపడం మరిచిపోయేవారే ఎక్కువ. పైగా మొదటి పదాన్నీ చివరి పదాన్నీ మనమే వెతుక్కోవాలి, అంటే భాగహారాలు ఎలాగూ తప్పవు. మామూలు ప్రశ్నకు నేను భాగహారం వైపే ఉంటాను.

శేషాలు వచ్చాయంటే మాత్రం పక్షం మారుస్తాను. అవే హద్దుల్లో 8తో భాగిస్తే 3, 12తో భాగిస్తే 7 మిగిలే సంఖ్యలు ఎన్ని అని అడిగారనుకోండి. నిశ్శేషం కావడానికి రెండు చోట్లా లోటు 5, కాబట్టి 24 గుణిజాలకు అయిదేసి తక్కువ ఉన్న సంఖ్యలు కావాలి. మొదటిది 211, చివరిది 595, తేడా మళ్ళీ 384, జవాబు 17. భాగహార పద్ధతికి ఇక్కడ హద్దులను అయిదు జరపాలి. ఆ జరపడంలోనే పొరపాటు దూరుతుంది.

'8తో గానీ 12తో గానీ' అన్న ప్రశ్నకు అందరూ 51, 34 కూడి, రెండుసార్లు లెక్కకొచ్చిన 17 తీసి, 68 అంటారు. నేను ఒక్క 24 సంఖ్యల చుట్టును చూస్తాను. అందులో 8, 12, 16, 24 అని నాలుగు ఉంటాయి. 193 నుంచి 600 వరకు సరిగ్గా 17 చుట్లు, 193కూ 199కీ మధ్య ఇలాంటి సంఖ్య ఒక్కటీ లేదు. పదిహేడు నాలుగులు 68. చిన్న పద్ధతి పెద్ద లెక్కలో పనికొచ్చేది ఇలాగే.

అక్క కూతురికి మరో అలవాటు ఉంది. 600లోంచి 200 తీసి, 400ను 24తో భాగించి, 16 అనేస్తుంది. అందుకే ఆమెకు రెండు రాశులను పోల్చే ప్రశ్న ఒకటి ఇచ్చాను. మొదటి రాశి, వరుసగా వచ్చే ఏవైనా 400 పూర్ణసంఖ్యల్లో 24 గుణిజాల సంఖ్య. రెండోది 16. సమానమని గుర్తుపెట్టింది. 1 నుంచి 400 వరకు లెక్కపెడితే 16 వచ్చాయి. 201 నుంచి 600 వరకు లెక్కపెడితే 17. కాసేపు రెండు జవాబుల్నీ మార్చి మార్చి చూసి, పెన్సిల్ గుర్తు చెరిపి, 'నిర్ణయించలేం' అన్న నాలుగో ఎంపిక దగ్గర గుర్తు పెట్టింది.