లో షుగర్‌కు క్యాప్సూళ్లు అమ్ముతున్న ఆ పచ్చమూత డబ్బా జోలికి పోకండి

పచ్చమూత డబ్బా, ప్రతి ఆదివారం సాయంత్రం లైవ్, "షుగర్ ఎక్కువైనా తక్కువైనా ఒకటే పరిష్కారం" అనే మాట. ఇంతకన్నా ఆనవాలు చెప్పనక్కరలేదనుకుంటాను, మీలో చాలామంది ఆ వీడియోలు చూసే ఉంటారు. మూడు నెలల కోర్సు పేరిట ఆ లైవ్‌లో డబ్బాలు అమ్మే ఆయనకు 4,800 రూపాయలు పంపి, మొన్న శుక్రవారం వంటింటి గచ్చు మీద కూలబడిన మనిషిని నేను.

నాకున్నది మధుమేహం కాదు. అన్నం తిన్న రెండు మూడు గంటలకు ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, పక్కనున్నవాళ్ల మాట ఎక్కడో దూరంగా వినబడే బాధ. తిన్న అన్నానికి ఇన్సులిన్ అవసరాన్ని మించి ఊరడం వల్ల రక్తంలో చక్కెర పడిపోతోందని, దీనికి మందుకన్నా తిండి పద్ధతే ముఖ్యమని డాక్టరుగారు నిరుడే చెప్పారు. మూడు పూటల భోజనాన్ని ఐదారు చిన్న భాగాలు చేసుకోమని, అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు పెంచమని, పరగడుపున తీపి టీ తాగవద్దని, పదకొండింటికీ నాలుగింటికీ గుప్పెడు ఉడికించిన శనగలో వేరుశనగలో తినమని కాగితం మీద రాసిచ్చారు. ఆ పద్ధతి పని చేస్తూనే ఉంది. కానీ బడిలో పీరియడ్ల మధ్య డబ్బా తెరిచి శనగలు తినడం నాకు నామోషీగా తోచి, రోజుకు రెండు క్యాప్సూళ్లతో ఆ బెడద వదులుతుందంటే ఆశపడ్డాను. ప్రశ్నపత్రం రెండుసార్లు చదివాకే జవాబు రాయమని పిల్లలకు పాతికేళ్లుగా చెబుతున్న టీచరమ్మను, లేబుల్ ఒక్కసారైనా చదవకుండానే డబ్బులు పంపాను.

పార్సిల్‌తో పాటు ఒక తిండి పట్టిక వచ్చింది. అందులో రెండు పూటల మధ్య చిరుతిండి అన్నది లేదు. "మా క్యాప్సూల్ వాడేవారికి మధ్యలో తినే అవసరం ఉండదు" అని అడుగున అచ్చువేశారు. నేను భక్తిగా శనగలు మానేశాను.

తొమ్మిదో రోజు సాయంత్రం పొయ్యి మీది పాలగిన్నె దింపబోతే పట్టకారు చేతిలో నిలవలేదు. గ్లూకోమీటరు స్ట్రిప్పుకు ఒక్క చుక్క అందించడానికి మూడుసార్లు వేలు గుచ్చుకోవలసి వచ్చింది. 52 చూపించింది. 70కి తగ్గితే లో షుగర్ అంటారు. 54కి తగ్గితే అది మెదడును తికమకపెట్టే స్థాయి అని డాక్టరుగారు అంతకుముందే హెచ్చరించారు. మా అబ్బాయి పంచదార నీళ్లు కలిపి తాగించాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

తేరుకున్నాక లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేసి చదివాను. క్రోమియం పికోలినేట్, దాల్చినచెక్క సారం, కాకర సారం, పొడపత్రి సారం. ఇవన్నీ చక్కెరను తగ్గిస్తాయన్న పేరుతో మధుమేహం ఉన్నవారికి అమ్మే సరుకులు! పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుందని మా అమ్మమ్మ చిన్నప్పుడే చూపించింది. చక్కెర చాలక కూలబడే మనిషి చక్కెర తగ్గించే ఆకును డబ్బు పెట్టి కొనుక్కుని మింగిందన్నమాట. వీటి కిందనే "వైద్య అవసరాలకు కాదు" అన్న వాక్యం కూడా చీమతలంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆ ఒక్క వాక్యంలో మాత్రం ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి.

నన్ను దహిస్తున్నది ఆ డబ్బుకన్నా ఆ తరువాతి ఫోను. డబ్బులు అందేవరకు "అక్కా, మీ తమ్ముడిలాంటివాణ్ని" అన్న మనిషి, 52 వచ్చిందని చెప్పగానే "చూడండి మేడమ్, ఒంట్లో మలినాలు బయటికి పోతున్నాయి, మంచి లక్షణమే, రేపటి నుంచి రెండుకు బదులు మూడు వేసుకోండి" అన్నాడు. పొడపత్రి చక్కెరను తగ్గిస్తుంది కదా అని అడిగాను. "బ్యాలెన్స్ అంటే మీకు తెలియదు, ఎక్కువుంటే తగ్గిస్తుంది, తక్కువుంటే పెంచుతుంది" అన్నాడు. ఆ ఆకుకు నా రక్తం చూసి నిర్ణయం తీసుకునే తెలివి ఎక్కడిదో ఆయనే చెప్పాలి. మిగిలిన రెండు డబ్బాల సీలు తీయలేదు, డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. "నమ్మకం లేనివాళ్లకు ఏదీ పని చేయదమ్మా, మీలాంటి వాళ్లకు అమ్మడం నాదే తప్పు" అని పెట్టేశాడు. పది నిమిషాల్లో నా నంబరు బ్లాకైంది. అక్క నుంచి మేడమ్‌కు, మేడమ్ నుంచి అమ్మకు దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది, కాల్ వివరాల్లో ఉంది.

ఆ 52లో క్యాప్సూల్ వాటా ఎంతో, మానేసిన శనగల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టమని డాక్టరుగారు అన్నారు. ఆ మాటను దాచను. అయితే ఆ డబ్బాలమ్మే ఆయన లైవ్ కింద మధుమేహానికి గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకునే పెద్దవాళ్లు కూడా ఆర్డర్లు పెడుతున్నారు. ఆ మాత్రే చక్కెరను కిందికి లాగుతుంది. దానికి తోడు ఈ క్యాప్సూలూ మధ్యలో పస్తూ కలిస్తే ఏమవుతుందో తలచుకుని ఈ రాత్రి కూర్చుని రాస్తున్నాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. కొన్నవారు డబ్బా పారేయకండి, లేబుల్, లైసెన్సు నంబరు, చెల్లింపు రసీదు ఫిర్యాదుకు కావాలి. చక్కెర పడిపోతే మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోండి. చాక్లెట్‌లోని కొవ్వు ఆలస్యం చేస్తుంది కనుక దాన్ని నమ్ముకోవద్దు. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. నా శనగల డబ్బా రేపటి నుంచి మళ్లీ స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఉంటుంది, నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.