నీళ్ళకు పోయిన చెక్క ఫ్లోరింగ్ స్థానంలో ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపిన పలకలు): అద్దె ఇంట్లో రెండేళ్ళ తర్వాత

2023 డిసెంబరు 4, సోమవారం తెల్లవారేసరికి చెన్నై వేళచ్చేరిలో మేముంటున్న ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయి. మర్నాడు మిగ్‌జాం తుఫాను తీరం దాటింది మా పుట్టింటి ఊరు బాపట్ల దగ్గర. అక్కడ అమ్మ, ఇక్కడ నేను, ఫోన్లు కలవక ఇద్దరం ఒకటే టెన్షన్. మాది గ్రౌండ్ ఫ్లోర్. హాల్లో టైల్స్, రెండు పడకగదుల్లో ల్యామినేట్ చెక్క ఫ్లోరింగ్. చీలమండల దాకా వచ్చిన నీళ్ళు రెండు రోజులు కదల్లేదు.

నీళ్ళు తీశాక బ్లీచింగ్ పౌడర్ చల్లి కడిగాం. (బ్లీచింగ్‌తో పాటు బాత్రూం యాసిడ్ మాత్రం కలపకండి, వచ్చే గాలి ప్రాణం మీదకు తెస్తుంది.) తుడిచాక నేల మునుపటిలాగే మెరిసింది. వారం తిరక్కుండా అతుకుల దగ్గర పలకల అంచులు లేచాయి. చీకట్లో నడిచినా కాలికి గట్టులా తగిలేవి.

ల్యామినేట్ చూడ్డానికి చెక్కే గానీ, పైన ఉన్నది చెక్కలా కనిపించే డిజైన్ ముద్రించిన కాగితం, దాని మీద గట్టి పూత. లోపలంతా చెక్క నారను జిగురుతో నొక్కిన బోర్డు. పై నుంచి నీళ్ళు దిగవు, అతుకుల్లోంచి దిగుతాయి. ఒకసారి ఉబ్బిన బోర్డు ఎండినా మళ్ళీ పాత మందానికి రాదు. మా మామగారి ఇంట్లో ఉన్నలాంటి అసలు టేకు పలకలైతే అంచులు పైకి లేచినా, నిదానంగా ఆరనిస్తే చాలావరకు సర్దుకుంటాయి. వాటిని తడి మీదే చిత్రిక పట్టించకూడదు, ఆరాక మధ్యలో ఉబ్బెత్తుగా మిగిలిపోతాయి. ల్యామినేట్‌కు ఆ అవకాశం కూడా లేదు.

మా ఓనర్ పిన్నిగారిది నెల్లూరు, పై అంతస్తులోనే ఉంటారు. "మిగతాదంతా బాగానే ఉంది కదమ్మాయ్, ఉబ్బినవి మాత్రం మార్పిద్దాం" అన్నారు. నేనూ సరేనన్నాను. అక్కడే ఇద్దరం పొరబడ్డాం. జనవరిలో కార్పెంటర్ వచ్చి గోడ వైపు నుంచి వరసలు విప్పుకుంటూ వెళ్ళి పద్నాలుగు పలకలు మార్చాడు, ఆరు వేలయింది. కింద పరిచిన ఫోమ్‌ను గుడ్డతో తుడిచి మళ్ళీ అదే వేశాడు.

ఫిబ్రవరి చివరికి గది తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. మార్చిలో ఒక సాయంత్రం గోడ పక్క పలక నేనే పైకి లేపి చూశాను. అడుగంతా నల్లటి బూజు. అంచు టీలో ముంచిన బిస్కెట్‌లా వేలికి ఊడి వచ్చింది. ఫోమ్ ఎత్తితే కింద గచ్చు ఇంకా ముదురు రంగులో తడిగా ఉంది. నీళ్ళొచ్చి మూడు నెలలు దాటింది! పైన పలక, మధ్యలో ఫోమ్, ఆ చెమ్మకు బయటికి దారే లేదు. ఆ పలకను పట్టుకెళ్ళి పిన్నిగారికి చూపించాను.

ఖర్చు ఎవరిదన్న మాట వచ్చింది. "వాన తెచ్చిన నష్టానికి నేనేం చేసేదమ్మా, చెరి సగం వేసుకుందాం" అన్నారావిడ. మా వాడకం వల్ల పాడైంది కాదు కదా పిన్నిగారూ అని నెమ్మదిగానే చెప్పాను. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ తీసి చూపించాను, అందులో పెద్ద రిపేర్లు ఓనరువే అని ఉంది. ఒక రోజు ఆలోచించుకుని ఒప్పుకున్నారు. సామాను మోయించే ఖర్చు మాది. అగ్రిమెంట్‌లో ఆ ఒక్క వాక్యం లేకపోతే సంబంధాలు చెడేవేమో. ఫ్లోరింగ్ ఉన్న ఇల్లు తీసుకునేవాళ్ళు ముందే రాయించుకోండి.

ఈసారి అంతా పీకించాం, ఫోమ్, గోడ అడుగున కొట్టిన చెక్క పట్టీ (స్కర్టింగ్) సహా. పిల్లలతో హాల్లో పడుకుని, పడకగదుల్లో రాత్రింబగళ్ళు ఫ్యాన్లు వేసి ఉంచాం. కొత్తది వేసే ముందు ఒక పరీక్ష చేశాను, దయచేసి అందరూ చేయండి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటును గచ్చు మీద పరిచి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించాలి, కనీసం పదహారు గంటలు వదిలేయాలి. మొదటిసారి పొద్దున్నే లేచి చూస్తే షీటు లోపలి వైపు మంచు బిందువుల్లా నీటి చుక్కలు, కింద గచ్చు నల్లబడి ఉంది. మూడు వారాల తర్వాత ఒక గది పొడిగా తేలింది. బాత్రూం గోడ పక్క గదికి ఆరు వారాలు పట్టింది. కార్పెంటర్ రెండుసార్లు ఫోన్ చేసి "ఇంకా ఎన్నాళ్ళండీ" అన్నాడు. ఆగాను, ఆగినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

2024 ఏప్రిల్ చివర్లో ఎస్‌పీసీ పలకలు వేయించాం. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసేవి, ఒకదానిలో ఒకటి నొక్కి తగిలించేవి. మందం 5 మి.మీ., అడుగున ప్యాడ్ అతికించే వస్తుంది. పైపొర 0.3, 0.5 మి.మీ. రెండు రకాలుంటే 0.5 తీసుకున్నాం. రెండు గదులు కలిపి 252 చదరపు అడుగులు, తరుగుతో 275 కొన్నాం. ఫిట్టింగ్‌తో అడుగు 150 రూపాయలు, పీవీసీ స్కర్టింగ్ విడిగా. మొత్తం నలభై ఆరు వేల దాకా అయింది. రెండు గదులూ ఒక్క రోజులో అయిపోయాయి.

ఇప్పటికి రెండేళ్ళు దాటింది. రోజూ తడిగుడ్డ పెడుతున్నాం, ఒక్క అంచు కూడా ఉబ్బలేదు. వాసన లేదు. పసుపు, కాఫీ మరకలు తుడిస్తే పోతాయి. చెక్క నేల మెత్తదనం మాత్రం దీనికి లేదు, పాదానికి కాస్త గట్టిగానే ఉంటుంది. ఇనుప మంచం జరిపినప్పుడు పడ్డ గీతలు పోలేదు. నిండు బీరువా పెట్టిన చోట పక్క అతుకు కొద్దిగా విడింది, కాళ్ళ కింద ప్లైవుడ్ ముక్క వేశాక ఆగింది. 2025 మేలో బాల్కనీ తలుపు దగ్గర ఎండ పడే చోట రెండు పలకలు పైకి లేచాయి. అక్కడ చౌకట్టుకు ఆనించి కోశారు, పలక వ్యాకోచించడానికి సందు లేదు. అర సెంటీమీటరు కోయిస్తే కూర్చుంది.

అసలు పరీక్ష ఆ ఆగస్టులో వచ్చింది. వాషింగ్ మెషీన్ పైపు ఊడి బకెట్ల కొద్దీ నీళ్ళు గదిలోకి వచ్చాయి. పలకలకు ఏమీ కాలేదు. కానీ నాకు నమ్మకం కుదరక గోడ వైపు స్కర్టింగ్ తీయించి మూడు వరసలు విప్పించాను. కింద గచ్చు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటర్‌ప్రూఫ్ అన్నది పలక వరకే. గోడ అంచుల్లోంచి నీళ్ళు దిగకుండా అది ఆపదు. వారం ఆరబెట్టి అవే పలకలు మళ్ళీ తగిలించాం. ల్యామినేట్ అయితే చెత్తబండికే.

ఈ ఏడాది అగ్రిమెంట్ రెన్యువల్‌కు వెళ్తే పిన్నిగారు అడిగారు, పక్క పోర్షన్‌లోనూ ఇదే వేయించనా అని. పళ్ళికరణై చిత్తడి నేల పక్కన, గ్రౌండ్ ఫ్లోర్‌లో, ఖాళీగా ఉన్న ఇంటికైతే టైల్సే వేయించండి అన్నాను. మనుషులుండగా, పగలగొట్టకుండా ఒక్క రోజులో అయిపోవాలంటే ఎస్‌పీసీ సరైనది. పైఅంతస్తుకైతే నిస్సందేహంగా ఇదే.

మిగిలిన ఏడు పలకలు మంచం కింద పెట్టెలో ఉన్నాయి. అదే రంగు, అదే లాక్ ఉన్న పలక రేపు షాపులో దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి, ఇల్లు మారినా వాటిని ఇక్కడే వదిలి వెళ్తామని పిన్నిగారికి చెప్పి ఉంచాను.